ఆరు సెకన్లు

ఆఫీసులో ఆమెను అందరూ పంతులమ్మ అంటారు. నిజానికి ఆమె ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. నలభై మంది పిల్లల్ని ఒక గదిలో కూర్చోబెట్టి అదుపు చేయడం తన వల్ల అయ్యే పని కాదని తనే ఒప్పుకుంటుంది. ఆ పేరు రావడానికి కారణం ఆమె చేసే పని. పొద్దస్తమానం పరీక్షలు పెడుతూ ఉంటుంది. కాకపోతే మనుషులకు కాదు, కంపైలర్లకు.

కంపైలర్ అంటే ఏమిటో తెలియనివాళ్లు కంగారు పడనక్కర్లేదు. ప్రోగ్రామర్లు రాసేది మనుషులు చదువుకునే రాత. దాన్ని మిషన్‌కు అర్థమయ్యే అంకెల్లోకి మార్చిపెట్టేది కంపైలర్. పంతులమ్మ పనిచేసే చిన్న కంపెనీలో అలాంటివి మూడు ఉండేవి, ఒక్కో రకం మిషన్‌కు ఒకటి. ముగ్గురు తోడికోడళ్ల లాగా ఒకదాని పద్ధతి ఇంకోదానికి గిట్టదు. ఈ మూడింటినీ బుజ్జగించి, ఒక్కోసారి గద్దించి, ఒకే ప్రోగ్రామును మూడు రకాల మిషన్లకూ సరిపోయేలా తయారు చేయించడం ఆమె ఉద్యోగం. దాన్ని బిల్డ్ అంటారు. ఇరవై రెండేళ్లుగా చేస్తోంది. బిల్డ్ సవ్యంగా నడిచినన్నాళ్లూ ఆమె ఒకతె ఉందని ఎవరికీ గుర్తుండదు. ఆగిపోతే మాత్రం ఆమె బల్ల చుట్టూ జనం మూగుతారు.

ఆ పనిలో ఒక చిక్కుంది. ఒక్కో ప్రాసెసర్‌కు, అంటే మిషన్‌లో లెక్కలు చేసే చిప్‌కు, కొన్ని ప్రత్యేకమైన విద్యలు వచ్చు. లెక్కలన్నీ ఒకదాని తర్వాత ఒకటి చేసుకుంటూ పోకుండా ఎనిమిదింటిని ఒక్క దెబ్బకు చేసిపారేస్తుంది. ప్రోగ్రాములో ఆ విద్యల్ని పిలిచే మాటల్ని ఇంట్రిన్సిక్స్ అంటారు. ఒక్కో కంపైలరూ వాటిని ఒక్కో తీరున పిలవమంటుంది, కొన్నింటికి అసలు తెలియనే తెలియవు. అందుకని బిల్డ్ మొదలవగానే ఆరు వరసల చిన్న ప్రోగ్రాము ఒకటి కంపైలర్ ముందు పెట్టి చూస్తారు. కిక్కురుమనకుండా తీసుకుంటే ఆ విద్య ‘ఉంది’ అని రాసుకుంటారు. మొరాయిస్తే ‘లేదు’ అని రాసుకుంటారు. ఒకసారి రాసుకున్నాక మళ్లీ అడగరు. లేదని వచ్చినా కొంపలేమీ మునగవు, ప్రోగ్రాము నెమ్మదైన దారిలో పోతుంది. జవాబు అదే వస్తుంది, ఆలస్యంగా వస్తుంది.

ఆ ఆరు వరసల పరీక్షలన్నీ పంతులమ్మ స్వహస్తాలతో రాసినవే. పైగా ఆమె ఒక కఠినమైన నియమం కూడా పెట్టింది. కంపైలర్ ఎక్కడైనా చిన్నగా గొణిగినా, ‘ఇక్కడేదో తేడాగా ఉంది చూసుకోండి’ అని మెల్లిగా హెచ్చరించినా, దాన్ని పూర్తి తప్పు కిందే లెక్కగట్టి బిల్డ్ ఆపేయాలి. కుర్ర ప్రోగ్రామర్లు దీనిమీద ఆమెను తిట్టుకోని రోజు లేదు. ఆమె చెవిన పెట్టేది కాదు. తన బిల్డ్‌లో మచ్చ ఉండకూడదు, అంతే.

ఇక ఆమె అక్క సంగతి. అక్క బస్ స్టేషన్‌లో మైకు ముందు కూర్చునే మనిషి. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో, ఏది ఎంత ఆలస్యమో ఇరవై ఆరేళ్లపాటు ఊరందరికీ చెప్పింది. ఇంటికి వచ్చాకైనా మైకు కట్టేసేదా అంటే అదీ లేదు. పంతులమ్మ పెళ్లి మాట తలపెట్టకుండా అక్కావాళ్ల ఇంట్లోనే వెనకవైపు గదిలో ఉండిపోయింది. పొద్దున్నే కుళాయి నీళ్ల చప్పుడు కంటే ముందు అక్క గొంతే ఆ గదిలోకి వచ్చేది.

బావ లారీ డ్రైవరు. నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే ఉండేవాడు. మాట పొదుపు. రోజుకు రెండుసార్లు, బండి ఎక్కే ముందొకసారి, మధ్యాహ్నం ఎక్కడైనా ఆపినప్పుడొకసారి ఇంటికి ఫోన్ చేసేవాడు. చేసి ఊఁ కొట్టేవాడు. అక్క చెప్పేది, చెప్పేది, పక్కింటివాళ్ల తగాదా దగ్గర మొదలుపెట్టి బస్ స్టేషన్‌లో కొత్తగా వచ్చిన మేనేజరు నడక దాకా చెప్పేది.

"లారీలో రేడియో పాడై ఏడాదైంది, బాగు చేయించుకోవేం బావా?" అని పంతులమ్మ ఒకసారి అడిగింది.

"మీ అక్క ఉండగా రేడియో దేనికి మరదలా? దాన్నైతే మధ్యలో ఆపాలనిపిస్తుంది" అన్నాడు. ఆయన ప్రేమ గురించి నోరు విప్పి చెప్పింది ఆ ఒక్కసారే అయ్యుంటుంది.

అలాంటి అక్కకు గొంతులో జబ్బు వచ్చింది. స్వరపేటిక తీసేయడం తప్ప దారి లేదన్నారు డాక్టర్లు. రోగం కూడా మనుషుల్ని ఏరుకుని వస్తుందేమోనని పంతులమ్మకు ఒళ్లు మండింది. మాట్లాడని మనుషులు ఇంతమంది ఉండగా దీనికా రావడం?

ఆ కష్టంలోనూ ఒక కలిసొచ్చిన విషయం ఉంది. పంతులమ్మ కంపెనీ తయారుచేసేదే గొంతు పోయినవాళ్ల కోసం మాట్లాడే ప్రోగ్రాము. ఆపరేషనుకు ముందు మనిషి చేత వందల కొద్దీ వాక్యాలు చదివించుకుని దాచుకుంటారు. ఆ తర్వాత ఆ మనిషి ఏది టైపు చేసినా ఆ గొంతుతోనే పలుకుతుంది. అక్క పదకొండు రోజులు ఆఫీసులోని చిన్న గదిలో కూర్చుని పద్నాలుగు వందల వాక్యాలు చదివింది. ‘తలుపు పక్కన నీలం కుర్చీ ఉంది’ లాంటి పసలేని వాక్యాలు. అలవాటు ఎక్కడికి పోతుంది, ఆ నీలం కుర్చీ కూడా మూడో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వస్తున్నట్టే చదివేది. రికార్డు చేసే ఆయన నవ్వాపుకోలేక రెండుసార్లు బయటికి వెళ్లాడు. చివరి రోజు చివరి వాక్యం అయ్యాక అక్క మైకు ముందు నుంచి లేవలేదు. "ఇంకేమైనా ఉంటే ఇవ్వండి, చదువుతాను" అంది. ఇంకేమీ లేవు.

ఆపరేషను తర్వాత అరచేతిలో పట్టేంత డబ్బా ఒకటి ఇచ్చారు. దాని మీద అక్షరాలు, కింద చిన్న స్పీకరు, ఫోన్‌కు కలుపుకునే వీలు. అక్క మొదటి మాట టైపు చేసింది. ఇల్లంతా ఊపిరి బిగబట్టింది. ఒకటి, రెండు, మూడు... బావ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆరో సెకనుకు అక్క గొంతు, అచ్చం అక్క గొంతు, "అందరూ భోజనం చేశారా?" అంది. బావ గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

ఆ ఆరు సెకన్లు అప్పుడు ఎవరికీ ఎక్కువనిపించలేదు. తర్వాత తర్వాత తెలిసొచ్చింది.

మాటకు మాట పడాలంటే వెంటనే పడాలి. నలుగురు కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నప్పుడు అక్కకు ఒక చమత్కారం తడుతుంది. గబగబా టైపు చేస్తుంది, ఆమె వేళ్లు చురుకైనవే. కానీ డబ్బా నోరు తెరిచేసరికి కబుర్లు ఇంకో వీధిలో ఉంటాయి. పక్కింటావిడ తన అన్న ఒంట్లో బాగాలేదని దిగులుగా చెబుతుంటే, అంతకుముందటి మాటకు అక్క వేసిన జోకు అప్పుడు పేలింది. ఆవిడ మొహం మాడ్చుకుంది. అక్క చేతులూపుతూ, కాదు కాదు అని తలూపుతూ, మళ్లీ టైపు చేసింది. ఆ క్షమాపణ కూడా ఆరు సెకన్లకు గానీ రాక, ఆవిడ లేచి వెళ్లిపోయాక ఖాళీ కుర్చీకి వినిపించింది.

పంతులమ్మ ఆఫీసులో ఆరా తీసింది. అక్కడి పెద్ద మిషన్ల మీద అదే గొంతు అర సెకనులో వస్తోంది. డబ్బా కోసం చేసే బిల్డ్ తెరిచి చూసింది. ఆ బిల్డ్ వేరే కంపైలర్‌తో, డబ్బా తయారుచేసినవాళ్లు ఇచ్చిన దానితో జరుగుతుంది. తెర మీద ఒక వరస కనబడింది. ఆ విద్య: లేదు. సరే, చవకబారు చిప్, పాపం దానికి రాదు అనుకుంది. తన పరీక్ష చెప్పాక ఇంకో మాట ఏముంది? ఆఫీసులోనూ అంతా అదే నమ్మారు. పంతులమ్మ లేదంటే లేదు. డబ్బాతో ఇచ్చే కాగితంలో ‘మాట రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది, దయచేసి ఓపిక పట్టండి’ అని అచ్చువేయించారు.

"చిప్ అంతేనక్కా. దాని శక్తి అంతే" అని అక్కకు చెప్పింది.

అక్క తలూపింది. ఆరు సెకన్ల తర్వాత డబ్బా, "పోనీలే" అంది.

ఫోన్ దగ్గర పరిస్థితి ఇంకా అన్యాయం. ఎదురుగా ఉన్న మనిషికైతే అక్క టైపు చేస్తోందని కళ్లకు కనిపిస్తుంది. ఫోన్‌లో కనిపించేది ఏముంది? మొదటి నెలలోనే బావ ఆఫీసు నంబరుకు ఫోన్ చేశాడు. ఆయన తనంతట తాను మరదలికి ఫోన్ చేయడం అదే మొదలు. వెనక లారీల హారన్లు వినబడుతున్నాయి.

"మరదలా, ఆ డబ్బాకు ఏమన్నా చేయొచ్చా? అది పలికేలోపు లైను ఉందో తెగిందో తెలీట్లేదు. హలో హలో అని అరుస్తాను, నేనరిచేదాంట్లో అది చెప్పింది కలిసిపోతుంది. ఈ రోడ్డు మీద సిగ్నలు సంగతి నీకు తెలుసుగా. తెగిందనుకుని పెట్టేస్తున్నా."

"చిప్ పాతది బావా. కొత్తరకం వచ్చేదాకా అంతే. కాస్త ఆగి చూడు."

"ఆగుతూనే ఉన్నా" అన్నాడు బావ. ఆయనే పెట్టేశాడు.

ఈ సంగతి పంతులమ్మ ఇంటికొచ్చి అక్కతో చెప్పలేదు. దాచిందేమీ కాదు. వాళ్లిద్దరి మధ్య సంగతే కదా, అక్కకు తెలియదా అనుకుంది. ఆ రోజు బిల్డ్ కూడా ఆగిపోయి ఉంది, తల బొప్పికట్టి ఉంది. మర్చిపోయింది.

ఏడాది గడిచేసరికి అక్క నెమ్మదిగా మాటలు తగ్గించుకుంది. ఎవరైనా వస్తే నవ్వేది, తలూపేది, కాఫీ ఇచ్చేది. డబ్బాను వంటింటి గట్టు మీద పెట్టి వచ్చేది. పొద్దున్నే కుళాయి నీళ్ల చప్పుడే ముందు వినబడేది. మనిషి అలవాటు పడిపోయిందని పంతులమ్మ సరిపెట్టుకుంది. మనకు బాధ కలిగించే విషయం గురించి మనం అలాగే సరిపెట్టుకుంటాం.

ఆ మరుసటి వేసవిలో ఒక మధ్యాహ్నం, ఇంటికి మూడు వందల కిలోమీటర్ల దూరంలో, బావ లారీని పద్ధతిగా రోడ్డు పక్కకు తీసి, ఇంజను కట్టేసి, స్టీరింగు మీద తల వాల్చాడు. గుండె ఆగిపోయింది. వెనక వచ్చే బండివాళ్లు చూసేసరికే అంతా అయిపోయింది. అక్క ఏడ్చింది గానీ ఆ ఏడుపుకు చప్పుడు లేదు. గొంతులేని మనిషి ఏడుపు చూడలేక పంతులమ్మే ఆమె వంతు కూడా పెద్దగా ఏడ్చింది. ఆ తర్వాత అక్క డబ్బాను బీరువాలో బట్టల కింద పెట్టేసింది. ఏదైనా చెప్పాలంటే కాగితం ముక్క మీద రాసేది. అదీ ‘పాలు అయిపోయాయి’, ‘తలుపు వేసుకో’ లాంటివే.

అయిదు నెలల తర్వాత డబ్బా తయారుచేసే కంపెనీ నుంచి ఒక ఇంజినీరు వచ్చాడు. రిటైరవడానికి దగ్గరపడిన మనిషి, చేతిలో కొత్త డబ్బా నమూనా. మాటల మధ్యలో, "పాతదాంట్లో మాట రావడానికి ఎంతసేపు పడుతోందమ్మా?" అని అడిగాడు.

"ఆరు సెకన్లండీ."

ఆయన తప్పు విన్నాననుకుని మళ్లీ అడిగాడు. "ఆరా? మా దగ్గర పెట్టి చూసినప్పుడు సెకను కూడా పట్టలేదే!"

"మీ చిప్‌లో ఆ ఇంట్రిన్సిక్స్ లేవు కదండీ" అంది పంతులమ్మ, పాఠం అప్పజెప్పినట్టు.

"లేకపోవడమేంటమ్మా? మొదటి డబ్బా నుంచీ ఉన్నాయి. డబ్బాతో మీకిచ్చిన పుస్తకంలో మూడో పేజీలోనే రాశాం."

 పంతులమ్మ ఆయనను కూర్చోమని చెప్పి తన బల్ల దగ్గరికి నడిచింది. తెర మీద ఉంది, లేదు అనే వరసలు మాత్రమే కనిపిస్తాయి. కంపైలర్ ఎందుకు మొరాయించిందో ఆ కారణం వేరే ఫైల్లోకి పోతుంది. వేల వరసలుంటాయి, దాన్ని చదివేవాడు ఉండడు. ఆమె కూడా ఎన్నడూ చదవలేదు. ఆ రోజు తెరిచింది.

కంపైలర్ ఆ విద్య తెలియదని ఎక్కడా అనలేదు. చక్కగా తెలుసు. అది అన్న మాట ఒక్కటే. ఈ ఆరు వరసల్లో ఒక లెక్క చేశావు, దాని ఫలితాన్ని ఎక్కడా వాడుకోలేదు, చూసుకో అంది. అంతే. మిగతా రెండు కంపైలర్లు పట్టించుకోని చిన్న గొణుగుడు. కానీ గొణిగినా తప్పే అన్న పంతులమ్మ నియమం ఆమె సొంత పరీక్షకు కూడా వర్తించింది. పరీక్ష తప్పింది. ఎందుకు తప్పిందని ఎవరూ అడగలేదు. లేదు అని రాసేసుకున్నారు. అదే శాశ్వతమైపోయింది.

ఆ ఫలితాన్ని వాడుకునేలా ఆమె ఒక్క వరస కలిపింది. దానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. పాత జవాబును చెరిపేసి మళ్లీ బిల్డ్ నడిపింది. ఉంది, అని వచ్చింది.

 అక్క ఒక్కతే కాదు, ఆ డబ్బాలు వాడుతున్నవాళ్లు రెండు వందల పైచిలుకు ఉన్నారు. అందులో కొందరు ‘మాకు అక్కర్లేదు’ అని తిప్పి పంపేశారు. వాళ్లకు ఓపిక లేదని ఆఫీసులో అనుకున్నారు. అలా అనుకున్నవాళ్లలో ఆమె కూడా ఉంది. మేనేజరు గదిలోకి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన, "పోనీలెండి, ఇప్పటికైనా దొరికింది, పెద్ద మెరుగుదల అని కస్టమర్లకు చెబుదాం" అని సంబరపడ్డాడు. ఆ సంబరం చూసి ఆమెకు చెంప మీద కొట్టినట్టయింది. ఎవరైనా తనను నాలుగు తిడితే బాగుండునని ఆ క్షణాన ఆమె నిజంగా కోరుకుంది.

మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికి వచ్చింది. చెప్పకుండా ఊరుకుంటే? కొత్తగా బాగుచేశాం అంటే సరిపోతుంది, అక్క నమ్ముతుంది. దారి పొడుగునా అదే ఆలోచించింది. గుమ్మంలో చెప్పులు విడిచేటప్పటికి అబద్ధం చెప్పే ఓపిక తనకు లేదని తెలిసిపోయింది.

అక్క హాల్లో ఉతికిన బట్టలు మడతపెడుతోంది. పంతులమ్మ బీరువాలోంచి డబ్బా తీసి, ఛార్జింగు పెట్టి, కొత్త బిల్డ్ ఎక్కించి, అక్క ఒళ్లో పెట్టింది.

"ఏదన్నా కొట్టక్కా."

అక్క వద్దన్నట్టు తలూపింది. బతిమాలితే, ఈ పిచ్చిదాని గోల వదిలించుకుందామన్నట్టు నాలుగు అక్షరాలు కొట్టింది. వేలు తీసీ తీయకముందే గొంతు పలికింది. "ఏంటే?"

అక్క ఉలిక్కిపడింది. డబ్బాను చూసింది, చెల్లెల్ని చూసింది. మళ్లీ కొట్టింది.

"ఇంత తొందరగా వస్తుందా? కొత్తదా?"

"కొత్తది కాదక్కా. అదే డబ్బా. మొదటి రోజు నుంచీ ఇలాగే రావాల్సింది. నా తప్పు వల్ల రాలేదు." ఒక్కసారి మొదలుపెట్టాక ఆపుకోలేదు. ఆరు వరసలూ, తన నియమం, చదవని ఫైలు, అన్నీ చెప్పేసింది. అక్కకు అందులో సగం అర్థమైందో లేదో. అర్థం కావాల్సింది మాత్రం అర్థమైంది. మడతపెడుతున్న చీర చేతిలోనే ఉండిపోయింది.

"బావ అప్పుడే చెప్పాడక్కా. లైను తెగిందనుకుని పెట్టేస్తున్నానన్నాడు. ఏమన్నా చేయొచ్చా మరదలా అని అడిగాడు. నేనే, చిప్ అంతే అన్నాను."

అక్క వేళ్లు కదిలాయి. "ఏమన్నారు?"

"లైను తెగిందనుకున్నాడు. ఉందో తెగిందో తెలియట్లేదన్నాడు."

"ఎప్పుడు?"

"మొదటి నెలలోనే."

"నాకెందుకు చెప్పలేదే?"

"నీకు తెలుసనుకున్నాను."

అక్క చీరను పక్కన పెట్టింది. చాలాసేపు టైపు చేసింది, చెరిపింది, మళ్లీ టైపు చేసింది. కళ్లలోంచి నీళ్లు అక్షరాల మీద పడుతుంటే పైటతో తుడిచి కొట్టింది. డబ్బాలోంచి ఆ పాత బస్ స్టేషన్ గొంతు, ఏడవడం చేతకాని గొంతు, స్పష్టంగా, తడబాటు లేకుండా వచ్చింది.

"ఈ మిషన్ గొంతు వినలేక పెట్టేస్తున్నారనుకున్నాను. నా మీద మనసు విరిగిందనుకున్నాను. అందుకే ఆఖరి రెండు నెలలూ ఆయన చేస్తే నేను ఎత్తలేదు. పాపం, ఆయన చేస్తూనే ఉన్నారు. ఇంటికొచ్చినప్పుడు మాత్రం ఆయనా అడగలేదు, నేనూ అడగలేదు. పోయిన రోజు మధ్యాహ్నం మూడుసార్లు చేశారు. ఫోన్ చేతిలో పట్టుకుని మోగుతుంటే చూస్తూ కూర్చున్నానే."

గొంతు ఆగింది. అక్క డబ్బాను ఒళ్లో పెట్టుకుని, చెల్లెలు ఏదైనా అంటుందేమోనని ఆమె మొహంలోకి చూస్తూ ఉండిపోయింది.